ఆటపాటల శిక్షణకి వెళ్తే మనిషిలో నిజంగా మార్పు వస్తుందా?

గుంటూరులో డిగ్రీ అయింది, యూరప్‌లో ఎరాస్మస్ ప్లస్ (యూరోపియన్ యూనియన్ నిధులతో నడిచే పథకం) కింద, యువతతో పనిచేసేవాళ్ళకి ఆటల ద్వారా ఇచ్చే శిక్షణకి ఎంపికయ్యాను, ఇంట్లో "ఆటపాటలకి అంత దూరమా" అంటున్నారు, ఇంగ్లీషు అంతంతమాత్రం, వెళ్ళనా అని అడిగారు. తప్పకుండా వెళ్ళండి. నేనూ గుంటూరువాణ్ణే, అలాంటి శిక్షణకి వెళ్ళొచ్చాను.

ఇంగ్లీషు గురించి బెంగ వద్దు. మా బృందంలో పోలండ్, జార్జియా, టర్కీవాళ్ళు ఉన్నారు. అందరికీ అది పరాయి భాషే. మాట దొరక్కపోతే బొమ్మ గీసి చూపించేవాళ్ళు.

అసలు చదువంతా ఆట అయ్యాక గుండ్రంగా కూర్చునే డీబ్రీఫింగ్‌లో ఉంటుంది. ఏం జరిగింది, ఏమనిపించింది, బయట ఇలాంటిది ఎక్కడ చూశావు, ఇకముందు ఏం చేస్తావు అని అడుగుతారు. అనుభవం నుంచి నేర్చుకోవడం గురించి అమెరికన్ విద్యావేత్త డేవిడ్ కోల్బ్ 1984లో వివరించిన పద్ధతికి ఇది దగ్గర. ఆ కాసేపూ మాత్రం వదులుకోకండి.

నాకు బాగా పనికొచ్చింది "ఒక అడుగు ముందుకు" అనే ఆట. ఒక్కొక్కరికి ఒక మనిషి జీవితం రాసిన చీటీ ఇస్తారు. ఒక్కో వాక్యం చదువుతుంటే, అది ఆ మనిషికి వర్తిస్తే అడుగు ముందుకు వెయ్యాలి. తిరిగొచ్చాక మిర్చి యార్డు దగ్గరి పిల్లలనీ కొందరు ఇంజనీరింగ్ విద్యార్థులనీ కలిపి ఆడించాను. చీటీలు మన ఊరివే రాశాను: బ్రాడీపేటకి కోచింగ్‌కి వచ్చిన అబ్బాయి, కోల్డ్ స్టోరేజీ యజమాని కొడుకు, మిరపకాయల తొడిమలు తీసే ఆమె కూతురు. ఆ చివరి చీటీ ఒక ఇంజనీరింగ్ అబ్బాయికి వచ్చింది. "జబ్బు చేస్తే డాక్టరుకి చూపించుకోగలను" అన్నప్పుడు అతను కదల్లేదు. తర్వాత కూర్చున్నప్పుడు, నిజంగానే వాళ్ళమ్మ తొడిమలు తీసే ఒకమ్మాయి అంది: "అక్కడ మీరు అడుగెయ్యాల్సిందన్నా. మా అమ్మ ఆ రోజు కూలి మానుకుని అయినా నన్ను తీసుకెళ్తుంది." నేను మధ్యలో వివరణ ఇవ్వకుండా ఇంకా చెప్పమన్నాను. చాలాసేపు చెప్పింది, ఆ అబ్బాయి చాలా అడిగాడు. ఎదుటివాళ్ళ బతుకు మనం ఊహించుకోకుండా వాళ్ళనే అడగడం, అడిగాక ఓపిగ్గా వినడం నాకు ఆ శిక్షణలోనే అలవడ్డాయి.

బడి బయట చదువు మనకి కొత్త కాదని ఇంట్లోవాళ్ళకి చెప్పండి. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో బెజవాడలోనే పుట్టింది. నాస్తికోద్యమ నాయకుడు గోరా కృష్ణా జిల్లా ముదునూరులో అన్ని కులాలవాళ్ళనీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టారు. తెలియని మనిషి పక్కన కూర్చుని నేర్చుకోవడమే కదా అదీ!

శిక్షణ చివర్లో యూత్‌పాస్ అనే ధ్రువపత్రం ఇస్తారు. అందులో 8 రకాల సామర్థ్యాల కింద మీరేం నేర్చుకున్నారో మీరే రాయాలి. ఇక్కడ ఉద్యోగానికి దాన్ని ఎవరూ అడగరు, ఆ ఆశతో వెళ్ళకండి. ఏ రోజుది ఆ రాత్రే తెలుగులో రాసుకుంటే ఆ కాగితం నింపడం తేలిక.

షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి. ఏ ఖర్చులు నిర్వాహకులవో, ఏవి మీవో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. తిరిగొచ్చాక గుంటూరులో ఎవరితో పనిచేస్తారో బయల్దేరకముందే అనుకుని, వాళ్ళతో ఒకసారి మాట్లాడి వెళ్ళండి.