మూడు మందులకూ ఫిట్స్ ఆగకపోతే కొత్త చికిత్సల కోసం ఎదురుచూడాలా?

మీ పాపకు పద్నాలుగేళ్లని, మూడు రకాల మందులు వాడినా వారానికి రెండుసార్లు ఫిట్స్ వస్తున్నాయని రాశారు. సెల్ థెరపీ, జీన్ థెరపీ వచ్చేదాకా ఆగాలా అని అడిగారు. ఆగకండి. మా తమ్ముడి విషయంలో మేం పదకొండేళ్లు పోగొట్టుకున్నాం.

వాడు కిందపడి కొట్టుకోవడం తక్కువ. అన్నం తింటూ తింటూ "కడుపులోంచి ఏదో పైకొస్తోందక్కా" అనేవాడు, అంతే, చూపు నిలిచిపోయేది. పెదాలు చప్పరిస్తూ కుడిచేత్తో కంచంలో అన్నం పిసుకుతూనే ఉండేవాడు. ఎడమ చెయ్యి మాత్రం మెలి తిరిగి బిగుసుకుపోయేది. నాయనమ్మ పరుగున వచ్చి ఆ చేతిలో తాళంచెవులు పెట్టేది. తేరుకున్నాక ఏం జరిగిందో గుర్తులేక ఏడ్చేవాడు.

డాక్టర్లు మారారు, మాత్రలు పెరిగాయి. ఎమ్మారై నార్మల్ అన్నారు. ఫిట్స్ వచ్చినప్పుడు ఏ చెయ్యి ఏం చేస్తోందని ఒక్కరూ అడగలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

చివరికి తిరువనంతపురంలోని శ్రీచిత్ర ఆసుపత్రికి వెళ్లాం. అక్కడ 1995 నుంచి మూర్ఛకు ఆపరేషన్లు చేస్తున్నారు. తలకు వైర్లు అతికించి, మందులు తగ్గించి, కెమెరా ముందు పడుకోబెట్టారు. మెదడులోని విద్యుత్ సంకేతాలనూ, ఫిట్స్‌నూ ఒకేసారి రికార్డు చేసే ఈ పరీక్షను వీడియో ఈఈజీ అంటారు. ఫిట్స్ రావాలని జీవితంలో మొదటిసారి దండం పెట్టుకున్నాను. వచ్చాక డాక్టరుగారు వీడియో ఆపి చూపించారు: "ఎడమ చెయ్యి బిగుసుకుంటోంది, అంటే మొదలయ్యేది మెదడు కుడివైపున." ఇన్నేళ్లూ కంచం దగ్గర మేం చూసిందే! మూర్ఛ కోసం ప్రత్యేకంగా తీసిన ఎమ్మారైలో కుడి హిప్పోక్యాంపస్ (జ్ఞాపకాలకు సంబంధించిన మెదడు భాగం) కుంచించుకుపోయి కనిపించింది. ఆ భాగం తీసేశారు. నాలుగేళ్లయింది, మళ్లీ ఫిట్స్ రాలేదు. ఒక మాత్ర మాత్రం ఇంకా వాడుతున్నాడు.

సరిగ్గా ఎంచుకున్న రెండు మందులు తగిన డోసులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు. మీ పాప ఆ గీత దాటింది. 2017లో ఢిల్లీ ఎయిమ్స్ ప్రచురించిన పరిశోధనలో ఇలాంటి పిల్లలు 116 మంది ఉన్నారు. ఏడాది తర్వాత, ఆపరేషన్ అయినవాళ్లలో 77 శాతం మందికి ఫిట్స్ లేవు. మందులే వాడినవాళ్లలో 7 శాతం. కొందరికి ఆపరేషన్ వల్ల కాలూచెయ్యీ బలహీనపడటం కూడా ఉంది, అది దాచకూడదు. అందరికీ ఆపరేషన్ కుదరదు కూడా. కుదురుతుందో లేదో తెలుసుకునే పరీక్షలు ముందు జరగాలి. హైదరాబాద్ నిమ్స్‌లోనూ చేస్తారు.

ఇక కొత్తవి. అమెరికాలో పరీక్షిస్తున్న సెల్ థెరపీలో, మెదడులోని అతి చురుకుదనాన్ని అణచే నరకణాలను హిప్పోక్యాంపస్‌లోకి ఎక్కిస్తారు. ఇంకా ప్రయోగ దశలోనే ఉంది. వెన్నులోకి ఇచ్చే జన్యు సంబంధ ఇంజెక్షన్ ఒకటి డ్రావెట్ సిండ్రోమ్ పిల్లల కోసం పరీక్షిస్తున్నారు. అది ఏడాది లోపు వయసులోనే మొదలయ్యే వేరే జబ్బు. సెనోబమేట్ అనే ఫిట్స్ మాత్రకు అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది, కానీ పెద్దవాళ్లకు. మెడలోని వేగస్ నరానికి చిన్న యంత్రం అమర్చే పద్ధతికి అక్కడ 1997లోనే అనుమతి వచ్చింది. ఫిట్స్ తగ్గుతాయి, పూర్తిగా ఆగడం అరుదు. పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు పెంచే అట్కిన్స్ డైట్ కొందరు పిల్లలకు బాగా పనిచేస్తుంది, డాక్టర్, డైటీషియన్ చూస్తుండగానే మొదలుపెట్టాలి. మందులు మాత్రం సొంతంగా ఆపకండి.

అపాయింట్‌మెంట్ దొరికేలోపు ఒక పని చేయండి. ఈసారి ఫిట్స్ వచ్చినప్పుడు ఒకరు పాపను పక్కకు తిప్పి పట్టుకుంటే, ఇంకొకరు ఫోన్‌లో వీడియో తీయండి. ముఖం, రెండు చేతులూ కనిపించాలి.