అమ్మలూ, ముందు వాళ్ళ చేతులు చూడు

అమ్మలూ,

నిన్న పొద్దున్నే మీ నాన్న ఫోన్ చేసి "అన్నయ్యా, దానికి మెల్‌బోర్న్‌లో గుర్రపు బళ్ళ పందాల దగ్గర స్టూవార్డు ఉద్యోగం వచ్చిందంట, తప్పుగా తోలిన డ్రైవర్లని పిలిచి శిక్ష వేసే ఉద్యోగమంట" అన్నాడు. వాడి గొంతులో కోపమో భయమో తెలీలేదు నాకు. పెట్టేసేక కాలవ గట్టు మీద చాలాసేపు కూర్చుండిపోయా. ఇంత పెద్ద సంగతి నీ నోటితో నాకు చెప్పకుండా మీ నాన్న ద్వారా తెలియడమేంటే? ఆరేళ్ళప్పుడు నా విజిల్ మెళ్ళో వేసుకుని, నా భుజాలెక్కి కూర్చుని, లంకలో పందెం బళ్ళకి పచ్చజెండా ఊపింది నువ్వు కాదా? తిట్టాలనే మొదలెట్టేను ఈ ఉత్తరం, కానీ ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రాత్రి నువ్వు పంపిన వీడియోలన్నీ చూసేశా. రెండింటికి పడుకున్నా, నిద్ర పట్టలేదు.

ఇంట్లో అందరూ జూదం జూదం అంటున్నారు. మీ మామ్మయితే "గుర్రాల దగ్గర ఆడపిల్లకేం పనిరా" అని ఒకటే గొడవ. వాళ్ళకి నేను చెప్పుకుంటాలే. పందెం కాసేవాళ్ళు వేరు, ఆ పందెం న్యాయంగా జరిగేలా చూసే మనిషి వేరు. నువ్వు మాత్రం ఒక్క డాలరు కూడా కాయకు, కాసేవాళ్ళతో టీ కూడా తాగకు. దీని మీద ఇంతకంటే రాయను, నీకు తెలుసు.

ఆ బండేంటే అసలు! రెండు సైకిల్ చక్రాల మధ్య చిన్న సీటు, డ్రైవరు కాళ్ళు రెండూ బారజాపుకుని గుర్రం తోక కిందే కూర్చున్నాడు, సల్కీ అంటారన్నావు. గుర్రమేమో దౌడు తియ్యకూడదు, ఎడం కాళ్ళు రెండూ ఒకసారి, కుడి కాళ్ళు రెండూ ఒకసారి వెయ్యాలి, తప్పి దౌడందుకుంటే డ్రైవరు పగ్గం పట్టి దారికి తేవాల్సిందే. 1879లో అమెరికా వాళ్ళు మైలుని రెండున్నర నిమిషాల్లో నడిచే గుర్రాన్ని స్టాండర్డ్ అని పెట్టుకున్నారంట కదా, ఈ గుర్రాల జాతికి స్టాండర్డ్‌బ్రెడ్ అన్న పేరే అలా వచ్చిందంట, ఇప్పుడు మంచి గుర్రాలు రెండు నిమిషాలు కూడా పట్టకుండా కొట్టేస్తున్నాయి. అంటే గంటకి యాభై కిలోమీటర్ల మాటే. పక్కపక్కనే పది గుర్రాలు ఆ స్పీడులో వెళ్తూ ఉంటే ఒక చక్రం ఇంకో చక్రానికి తగిలిందనుకో, లేదా వెనక గుర్రం కాలు ముందు చక్రంలో పడిందనుకో. నాకు వీడియోలో కనిపించిందల్లా అదే అమ్మలూ, గెలిచినోణ్ణి చూడనే లేదు.

నువ్వు పంపిన రూల్స్‌లో ఆ 163వ రూలు మీ అన్నయ్య చేత రెండుసార్లు చదివించుకున్నా. డ్రైవరు అడ్డం వెళ్ళకూడదు, గుద్దకూడదు, ఇంకోడి దారికి అడ్డు కలిగించకూడదు అని ఉంది, దాన్తో పాటు ఇంకో మాట ఉంది, అడ్డుకి కారణమైనా తప్పే, దానికి తోడుపడినా తప్పే అని. ఆ "తోడుపడినా" అన్న మాట ఎవడు రాశాడో గానీ వాడికి దణ్ణం పెట్టాలి. ఆ ఒక్క మాట 1991లో నాకు తెలిసుంటే ఇవాళ నీకు ఇంత పెద్ద ఉత్తరం రాయక్కర్లేదు.

ఇది మీ నాన్నక్కూడా పూర్తిగా తెలీదు. ఆ ఏడు ముక్కనుమ రోజు లంకలో ఇసక మేట మీద ఫైనలు. మామూలుగా రెండేసి బళ్ళే వదులుతాం, ఆ రోజు టైములు సమానంగా వచ్చేయని మూడు బళ్ళు వదిలేం. నేను గమ్యం దగ్గర జెండాతో ఉన్నా. మధ్య బండి తోలేవాడు పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, కౌలు రైతు కొడుకు, మైసూరు గిత్తలు, చక్రాల ఆకులకి వాడే ఆకుపచ్చ రంగేసుకున్నాడు. సగం దూరం దాటేక మధ్య బండి ఒక్కసారిగా ఎడమకి కొట్టేసింది. నా కళ్ళతో చూశా. ఎడం బండి ఇరుసుకి దీని చక్రం పట్టేసింది, ఎడం బండిది లోపలెద్దు మోకాళ్ళ మీద పడింది, లేవలేదు. ముందు కాలు విరిగింది. ఆ ఎద్దు అరిచిన అరుపు జనం కేకల్లో కూడా నాకు వినపడింది.

జనం ఊగిపోతున్నారు, కొట్టేద్దాం అంటున్నారు కుర్రాణ్ణి. నేను మైకు లాక్కున్నా. వాడు నా ముందుకొచ్చి "కుడి పక్క నించి తోసేరండి, నేను ఇటు లాగుతానే ఉన్నానండి" అని కుడి అరచెయ్యి చాపేడు. పగ్గం ఒరుసుకుపోయి చర్మం లేచిపోయి, ఎర్రగా, మధ్యలో కొబ్బరి పీచు ఇరుక్కునుంది. నేనేమనుకున్నానో తెలుసా? జాలి కోసం దెబ్బ చూపిస్తున్నాడనుకున్నా. కుడి పక్క బండి ఎవరిదంటే ఆ ఏడు బహుమతి డబ్బు ఇచ్చిన పెద్దమనిషిది. దానికోసమని నేను కావాలని చెయ్యలేదు అమ్మలూ, ఒట్టు, కానీ కుడి పక్కకి చూడాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు చూడు, అది మాత్రం ఊరికే రాకపోలేదని ఇప్పుడనిపిస్తుంది. మూడేళ్ళు పందెంలోకి రాకూడదు, ఎద్దు ఖరీదు కట్టాలి అని మైకులో చెప్పేశా. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే రాటలు పీకించడానికి వెళ్ళేను. మంచుకి ఇసక గట్టిపడి చక్రాల జాడలు అచ్చుగుద్దినట్టున్నాయి. ఎడం బండికి తగిలిన చోటు నించి వెనక్కి నడిచా, ముప్పై అడుగులు వెనక్కి. అక్కడ కుడి బండి జాడ తిన్నగా మధ్య బండి దారిలోకి వచ్చేసుంది. అక్కణ్ణించి మధ్య బండి జాడ పక్కకి ఈడ్చుకుపోయుంది, ఎడ్ల గిట్టలు మాత్రం కుడివైపుకే తన్నుకున్నాయి. సాయంత్రం ఆ పెద్దమనిషి పాకలో బండి చూశా, ఎడం ఇరుసు కొనకి ఆకుపచ్చ రంగు అంటుకునుంది.

చూసి ఏం చేశాను? ఏం చెయ్యలేదు. మైకులో చెప్పేసిన మాట ఎలా వెనక్కి తీసుకుంటాం అనుకున్నా. వాళ్ళు ఒక గిత్తని అమ్మి డబ్బు కట్టేరు, రెండో గిత్త జత లేక దమ్ముకి పనికిరాక అదీ పోయింది, వాడు కువైట్ వెళ్ళిపోయాడు డ్రైవరుగా. పదకొండేళ్ళ తర్వాత వాడు సెలవుకొస్తే వాళ్ళింటికి వెళ్ళి జరిగింది చెప్పేను. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టేడు. "మా నాన్న పోయేదాకా నేనే తప్పు చేశాననుకున్నాడండి" అన్నాడు. అంతే, ఇంకో మాట అన్లేదు.

అందుకే చెప్తున్నా. నువ్వు చూసే గుద్దు చాలాసార్లు రెండోది. మొదటిది దానికి ముందే వెనకాలో పక్కనో జరిగిపోయుంటుంది. మీకు వీడియోలున్నాయి, ముందు నించి, పక్క నించి, వెనక నించి, నాకు ఇసకే వీడియో, అదీ మర్నాడు చూశా. నువ్వు తగిలిన చోట ఆపకు, వెనక్కి తిప్పు, ఇంకా వెనక్కి తిప్పు. తగిలిన రెండు బళ్ళనీ వదిలేసి మూడోవాణ్ణి చూడు. తర్వాత డ్రైవరు చేతులు చూడు. ఏ పగ్గం లాగుతున్నాడు, గుర్రం తల ఎటు తిప్పుతున్నాడు, దారి ఇరుకైందని తెలిసేక ఆపడానికి చూశాడా, ఇంకా అదిలిస్తున్నాడా. అజాగ్రత్తకీ లెక్కలేనితనానికీ మీ రూల్స్‌లో వేరే వేరే తప్పులున్నాయన్నావుగా, నాకైతే ఆ తేడా చేతుల్లోనే కనిపిస్తుంది. పోనీ చేతులు కనపడకపోతే రాయి, కనపడలేదని రాయి.

ఇంకోటి, తప్పొప్పుకుంటే శిక్ష కొంచెం తగ్గుతుందన్నావు. మంచిదే, కానీ ఒప్పుకున్నాడు కదా అని ఫైలు ముయ్యకు. పెద్ద డ్రైవరు వాదిస్తాడు, వాడికి మాటలొచ్చు. కొత్త కుర్రాడు, వారానికి రెండు గుర్రాలు దొరికేవాడు, మీ ముగ్గుర్నీ టేబుల్ అవతల చూసి బెదిరిపోయి చెయ్యని తప్పు కూడా నెత్తిన వేసుకుంటాడు. వాడికి వీడియో చూపించి, నువ్వే చెప్పు ఏమైందో అని అడిగి, కాసేపు ఊరుకో. నువ్వు మధ్యలో మాట్లాడేస్తావు, చిన్నప్పట్నించీ అంతే. మూడు వారాలు సస్పెన్షన్ అంటే ఒకడికి రెస్టు, ఇంకోడికి ఇంటద్దె. అలాగని జాలిపడి వదిలెయ్యమని కాదు. కావాలని అడ్డమొచ్చినోణ్ణి మాత్రం వదలకు, వాడు ఎంత పేరున్నవాడైనా, ఎవరి గుర్రమైనా. కుడి పక్క బండి ఎప్పుడూ గుర్తుంచుకో.

మీ తీర్పు నచ్చకపోతే పైన విక్టోరియన్ రేసింగ్ ట్రిబ్యునల్‌కి వెళ్తారన్నావు. వెళ్ళనీ, దాన్ని అవమానం అనుకోకు. మా ఊళ్ళో అలాంటిదొకటి ఉండుంటే మర్నాడు పొద్దున్నే ఆ కుర్రాడు వెళ్ళేవాడు, నాతో పాటు ఊరంతా ఆ ఇసక చూసేది.

2014 మేలో సుప్రీంకోర్టు తీర్పొచ్చేక మన ఊళ్ళో ఎడ్ల పందేలు మానేశాం. అందరూ తిట్టుకున్నారు, నాకు మాత్రం బాధనిపించలేదు, ఆ కాలు చూసినవాణ్ణి. అక్కడ కూడా గుర్రం పడితే ముందు గుర్రం దగ్గరికి డాక్టరు వెళ్ళేడో లేదో చూడు, విచారణ తర్వాత. ట్రాక్ పక్కన చక్రాలకి దగ్గరగా నిలబడకు. స్వెట్టర్ వేసుకో, కోపంగా ఉన్నవాళ్ళతో ఒక్కదానివే గదిలో ఉండకు, ఇంకో స్టూవార్డుని కూర్చోబెట్టుకో.

నా పాత విజిల్ ఇంకా ఉంది, లోపల గింజ ఎండిపోయింది గానీ మోగుతుంది. మీ అన్నయ్యతో పార్సిల్ వేయిస్తా, వాడక్కర్లేదు, దగ్గరుంచుకో. బెండిగో ఊరి నించి రాత్రి కారులో ఒక్కదానివే వస్తానన్నావు, దారిలో కంగారూలు అడ్డం పడతాయంట కదా. బయల్దేరేముందు మెసేజ్ పెట్టు, ఇంటికి చేరేక ఇంకోటి పెట్టు. నీకు రాత్రి పదకొండంటే ఇప్పుడు మనకి సాయంత్రం ఐదున్నరేగా, నేను గట్టు మీదే కూర్చునుంటా ఫోన్ పట్టుకుని.

మీ పెదనాన్న