పాలసీ ఫారం చూస్తే చేతులు వణికాయి

ప్రశ్న: నా వయసు 36. ఆస్తి కోసం, ఇన్సూరెన్స్ డబ్బు కోసం జరిగిన నిజమైన హత్యల గురించి రోజూ పడుకునే ముందు చదువుతాను. మొదలుపెడితే ఆపలేను. మొన్న మావారు నా పేరు మీద టర్మ్ పాలసీ తీసుకుందామని ఫారం తెస్తే చేతులు వణికాయి. ఆయన ఏనాడూ నా మీద గొంతు పెంచి ఎరగరు. నాలోనే ఏదో లోపం ఉందా?

జవాబు: లోపమేమీ కాదండీ. ఆవేశంలో జరిగిన హత్య గురించి చదివితే 'ఎందుకు?' అన్న ప్రశ్న మిగిలిపోతుంది. డబ్బు కోసం జరిగినదానిలో లెక్క తేలుతుంది: అప్పు ఎంత, పాలసీ ఎంత, ఎప్పుడు తీసుకున్నారు. పైగా చంపినవాళ్లు చాలాసార్లు ఇంట్లోవాళ్లే. 'నేనైతే ముందే పసిగట్టేదాన్నా?' అని చూసుకుంటూ చదువుతాం. అమాండా వికరీ, క్రిస్ ఫ్రేలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2010లో ప్రచురించిన పరిశోధనలో నిజంగా జరిగిన హత్యల పుస్తకాలను మగవాళ్లకన్నా ఆడవాళ్లే ఎక్కువగా ఎంచుకున్నారు. ప్రాణం కాపాడుకునే ఉపాయం ఉన్న పుస్తకమంటే వాళ్లకు ఇంకా ఆసక్తి. మిమ్మల్ని లాగుతున్నదీ ఆ జాగ్రత్తే కావచ్చు.

చిక్కల్లా, ఆ కథనాలు ముగింపు తెలిశాక రాసినవి కావడం. 1955 నవంబరు 1న అమెరికాలోని డెన్వర్ నుంచి బయల్దేరిన విమానంలో జాక్ గిల్బర్ట్ గ్రాహం తన తల్లి పెట్టెలో బాంబు పెట్టి 44 మందిని పొట్టన పెట్టుకున్నాడు. అంతకుముందు విమానాశ్రయంలోని యంత్రంలో నాణేలు వేసి ఆమె పేరు మీద ఇన్సూరెన్స్ కొన్నాడు. ఇప్పుడు చదువుతుంటే ఆ నాణేలు వేసే చెయ్యే ఒళ్లు జలదరింపజేస్తుంది. కానీ అప్పట్లో విమానాశ్రయాల్లో అలాంటి యంత్రాలు మామూలే. అక్కడ పాలసీ కొని, అయినవాళ్లను సాగనంపి ఇంటికెళ్లిపోయిన కొడుకుల గురించి, భర్తల గురించి ఎవరూ రాయరు. మీరు రోజూ చదివేది ఒక్క గ్రాహంల గురించే కాబట్టి ఫారం కనబడగానే మనసు అటే పోయింది.

చదవడం మానేస్తానని ఒట్టు పెట్టుకోకండి, అణచిన ఆలోచన రెట్టింపై వస్తుంది. పగటిపూటకు మార్చి అరగంటతో ఆపండి. నిద్రకు గంట ముందు నుంచి ఫోన్ వేరే గదిలో ఉండాలి. అనుమానం వచ్చినప్పుడు కాగితం మీద ఒకవైపు 'చదివింది', మరోవైపు 'ఇంట్లో నా కళ్లతో చూసింది' అని రాయండి. ఆయన ఫోను, సొరుగులు మాత్రం వెతకొద్దు. ఏమీ దొరకకపోతే వచ్చే ఊరట కాసేపే, మళ్లీ వెతకాలనిపిస్తుంది.

ఫారం సంగతి వేరు. భయమున్నా లేకున్నా చదవకుండా సంతకం పెట్టకూడదు. మొత్తం ఎంత, నామినీ ఎవరు, ప్రీమియం ఎవరు కడతారు, ఆయన పేరు మీద ఎంత ఉంది? అన్నీ అడగండి. ఖాళీ గడులున్న కాగితం మీద సంతకం వద్దు, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.

మీకు చెప్పకుండా పాలసీ తీసుకోవడం, మీ సంతకం ఆయనే పెట్టడం, చంపుతాననడం, ఎప్పుడైనా గొంతు పట్టుకోవడం: వీటిలో ఏ ఒక్కటి జరిగినా అది చదువు తెచ్చిన భయం కాదు. ముఖ్యంగా గొంతు పట్టుకున్న మనిషి వల్ల ప్రాణానికే ముప్పు. ఆయన్ను ఒంటరిగా నిలదీయకుండా, నమ్మకమైన మనిషికి, పోలీసులకు చెప్పండి. అవేవీ లేకుండానే రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, ఆయన చేతి కాఫీ తాగాలన్నా భయమేసినా మానసిక వైద్యుల్ని కలవండి.

మీ ఉత్తరాన్ని బట్టి అలాంటి జాడలేవీ కనబడలేదు. కాబట్టి ఆ ప్రశ్నలు అడిగేటప్పుడే, రాత్రుళ్లు ఏం చదువుతున్నారో, ఫారం చూసి ఎందుకు వణికారో కూడా ఆయనకు చెప్పేయండి.