జెర్రిపోతు పిల్లల్ని వదిలే ముందు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. రోడ్డు పనికి జేసీబీ తవ్విన గట్టులో జెర్రిపోతు గుడ్లు బయటపడితే, వెంటనే అటవీ శాఖకు చెప్పి వాళ్ల కళ్లముందే పొదిగించారని చదివి చాలా సంతోషం వేసింది. గుడ్ల పైవైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, వాటిని తిరగెయ్యకుండా పెట్టెలోకి మార్చడం మంచి పని. పాము గుడ్డును కోడిగుడ్డులా అటూ ఇటూ తిప్పితే లోపలి పిండం చచ్చిపోయే ప్రమాదం ఉంది.

ఆ తర్వాత రాసిన సంగతులే నన్ను ఆలోచనలో పడేశాయి. ఈ పిల్లల్ని పెద్దవి చేసి, జతకట్టించి, ఏటా పుట్టే పిల్లల్ని కోనసీమ ఊళ్లన్నిటా వదిలితే ఎలుకల బెడద తగ్గుతుందన్నావు. మిగిలినవి కోరింగ మడ అడవిలో వదులుతామన్నావు. కోరింగ సంగతి తేలిక కాబట్టి ముందు అది చెప్తాను.

కోరింగ వద్దు. పాము దొరికితే 'అడవిలో వదిలేశారు' అని పేపర్లో రాస్తారు కాబట్టి, అడవి అంటే ఏ పాముకైనా పుట్టిల్లే అనుకుంటాం. 1978 నుంచి అభయారణ్యంగా ఉన్న ఆ 235 చదరపు కిలోమీటర్లలో చాలా భాగం రోజూ పోటుకు మునిగి ఆటుకు తేలే ఉప్పు బురద. ఆ బురదలో పీతల్నీ చేపల్నీ పట్టుకుని బతికే పాములు వేరే ఉన్నాయి. జెర్రిపోతు చేలగట్ల మీద, కొబ్బరితోటల్లో, పుట్టల్లో, గడ్డివాముల కింద తిరిగే పాము. దానికి కప్పలు కావాలి, ఎలుక బొరియలు కావాలి. అభయారణ్యంలో వదిలామన్న తృప్తి మనకు మిగులుతుందే గానీ పాముకు ఒరిగేదేమీ ఉండదు.

ఇక పెంచి వదలడం. నేను ముందుగా అడిగేది ఒకటే. మీ వైపు చేలల్లో జెర్రిపోతులు తగ్గాయంటే ఎందుకు తగ్గాయి? ఆ కారణం ఇంకా అక్కడే ఉంటే నువ్వు వదిలే ప్రతి పిల్లా దానికే బలవుతుంది. కనబడగానే తాచుపామని కర్ర తీస్తారు, పడగ విప్పిందా లేదా అని కూడా చూడరు. జెర్రిపోతుకు విషం లేదని తెలిసినవాళ్లు కూడా, అది తాచుకు మగపామని నమ్మి చంపేస్తారు. రొయ్యల చెరువుల చుట్టూ కట్టే నైలాన్ వలల్లో తల దూర్చి, వెనక్కి రాలేక ఎండకు చచ్చిపోతాయి. 216 జాతీయ రహదారి మీద రాత్రి లారీల కింద పడేవి పడుతుంటాయి. దాళ్వా (రెండో పంట) కోసి గట్లకు నిప్పు పెడితే గుడ్లతో సహా పోతాయి. వీటిలో నీ ఊళ్లో ఏది ఎక్కువో, మీ కుర్రాళ్లంతా కలిసి ఒక సార్వా (తొలి పంట), ఒక దాళ్వా నడిచేంత కాలం గట్లు తిరిగి రాసి పెట్టండి. ఆ పుస్తకం చేతిలో లేకుండా జతకట్టించే మాట ఎత్తొద్దు.

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఈ పని చేసినవాళ్ల కథ నీకు ఉపయోగపడుతుంది. అక్కడ ఇండిగో అనే పెద్ద నల్లపాము కనబడకుండా పోయింది. అది కూడా మన జెర్రిపోతులాగే విషం లేనిది. వాళ్లు పాముల కంటే ముందు అడవిని చూసుకున్నారు. దానికి కావలసిన పైన్ చెట్ల అడవినీ, చలికాలంలో అది తలదాచుకునే తాబేళ్ల బొరియలనూ దృష్టిలో పెట్టుకుని చోటు ఎంచారు. పిల్లల్ని సుమారు రెండేళ్లు పెంచి, 2010లో వదలడం మొదలుపెట్టారు. అడవిలోనే పుట్టిన పిల్ల వాళ్లకు కనబడింది 2020లో. పదేళ్లు! డబ్బూ, డాక్టర్లూ, విశ్వవిద్యాలయాలూ ఉన్నవాళ్లకే అంత పట్టింది.

కరీబియన్‌లోని ఆంటిగా దగ్గర చిన్న దీవిలో 1995లో లెక్కపెడితే ఒక జాతి పాములు యాభై దాకా మాత్రమే మిగిలాయి. అక్కడ ఓడల్లో వచ్చిన ఎలుకలే పాముల్ని కొరికి తినేవి. ముందు దీవిలో ఎలుకల్ని లేకుండా చేశారు, పాములు వాటంతటవే పెరిగాయి. ఆ తర్వాతే చుట్టుపక్కల దీవులకు మార్చారు. ఇప్పుడవి వెయ్యి దాటాయి. శత్రువు ఎవరో తెలుసుకుని, ముందు దాని పని పట్టారు. పాముల్ని మార్చడం ఆ తర్వాతి సంగతి.

మన దగ్గర ఎలుకల మందు సంగతి కూడా ఉంది. వ్యవసాయ శాఖ వాళ్లు ఊరంతా ఒకేసారి బ్రోమాడయోలోన్ పెట్టిస్తారు. అది రైతుకు అవసరమే, వద్దనను. కానీ ఆ రోజుల్లో పామును వదిలితే దానికి తిండి దొరకదు, దొరికిన ఎలుక కడుపులో మందు ఉంటుంది. వాళ్ల తేదీలు కనుక్కుని, వదిలే రోజును వాటికి దూరంగా పెట్టుకో.

ఇప్పుడు చేతిలో ఉన్న పిల్లల మాట. నా సలహా, వాటిని ఎక్కువ రోజులు ఉంచొద్దు. మన తీరంలో తాబేలు గుడ్లను ఇసుకలో కంచె వేసి కాపాడి, పిల్లలు రాగానే సముద్రంలోకి వదిలేస్తారు కదా, అలాగే చెయ్యి. పిల్ల పుట్టిన కొన్నాళ్లు కడుపులోని పచ్చసొన మీదే బతుకుతుంది. మొదటి కుబుసం విడిచాక ఆకలి మొదలవుతుంది. ఆ వేళకు వర్షాలు పడి, చేలల్లో చిన్న కప్పలు పుట్టి ఉంటాయి. నువ్వు పెట్టే ఏ తిండీ దానికి సాటి రాదు. గుడ్లు దొరికిన చోటికి దగ్గరలోనే, రోడ్డుకు ఎడంగా ఉన్న మెరక గట్టు చూసి, పొద్దువాలే వేళ విడివిడిగా వదిలెయ్యండి. లంక పొలాలు మాత్రం వద్దు, ఆగస్టులో గోదావరి వచ్చిందంటే అక్కడ ఏమీ మిగలదు. సగానికి పైగా జెముడుకాకులకూ, కొంగలకూ, ముంగిసలకూ పోతాయి. బాధగా ఉంటుంది, కానీ ఆ ప్రాణులూ అక్కడివే.

దెబ్బ తగిలిందో, బలహీనంగా ఉందో, దేన్నైనా అధికారులు పెంచమంటేనే పెంచు. అప్పుడు దాన్ని మనిషికి అలవాటు చెయ్యకు. చేతుల్లోకి తీసుకుని ఫోటోలు వద్దు, పేర్లు పెట్టడం వద్దు. తిండి డబ్బాలో పెట్టి పక్కకు తప్పుకో. ఎలుకపిల్లను తినకపోతే దానికి కప్ప వాసన పట్టించి పెడితే చాలాసార్లు తింటుంది. నీ స్నేహితుడి గదిలో బాల్ పైథాన్ అనే విదేశీ కొండచిలువ ఉందన్నావే, ఆ గది గుమ్మం కూడా ఈ పిల్లలు తొక్కకూడదు. ఒకే పట్టకారు, ఒకే నీళ్ల గిన్నె కూడా వద్దు. పైకి ఆరోగ్యంగా కనబడే పాములో కూడా పురుగో, కంటికి కనబడని క్రిప్టోస్పోరిడియం లాంటి పరాన్నజీవో ఉండొచ్చు. దాన్ని మోసుకెళ్లి చేలో ఉన్న మంచి పాములకు అంటిస్తే మనం చేసిన మేలంతా కీడవుతుంది. వదిలే ముందు పశువైద్యుడి చేత మల పరీక్ష చేయించాలి. అనుమానం ఉన్నదాన్ని ఎంత జాలి వేసినా వదలకూడదు.

పెరిగినదాన్ని సంచిలోంచి గుమ్మరించి రావద్దు. వదిలే చోటే నున్నటి రేకుతో ఆవరణ కట్టి, రేకును భూమిలోకి అడుగు దింపి, పైన వల కప్పి, లోపల కొబ్బరి డొక్కలూ తాటి దుంగలూ పేర్చి కొన్ని వారాలు ఉంచండి. కొత్తచోట ఒక్కసారిగా వదిలిన పాము దిక్కు తెలియక తిరుగుతుంది, ఆ తిరుగుడులోనే రోడ్డెక్కి చస్తుంది. బియ్యపుగింజంత చిప్ చర్మం కింద పెట్టించడానికి కూడా అనుమతి అడుగు. మళ్లీ దొరికిన రోజున అది మనదో కాదో తెలియకపోతే ఈ పని వల్ల ఏం జరిగిందో ఎవరూ చెప్పలేరు.

తాచు, కట్లపాము గుడ్లూ పిల్లలూ, రక్తపింజరి పిల్లలూ దొరికితే మీ కుర్రాళ్లు ముట్టుకోవద్దు, శాఖ వాళ్లకు ఫోన్ చెయ్యండి. తాచుపిల్లకు పుట్టిన రోజు నుంచే విషం ఉంటుంది. ఒకవేళ ఎవరికైనా కాటు పడితే మంత్రాల దగ్గరికి కాదు, నేరుగా ప్రభుత్వాసుపత్రికి.

అన్నిటికీ ముందు కాగితం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద, అనుమతి లేకుండా జెర్రిపోతును పట్టి ఉంచుకోవడం నేరం. జతకట్టించి వదలాలంటే రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దాకా వెళ్లాలి. నోటిమాటగా 'కానివ్వండి' అన్నది సరిపోదు.

ఊరివాళ్ల మాట కూడా మర్చిపోకు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే చేతులే మర్నాడు కర్ర పట్టుకుంటాయి. వాళ్లను తప్పుపట్టకు, పొలంలో ఒట్టికాళ్లతో దిగేది వాళ్లే. గట్టు పక్క రైతులకు చెప్పకుండా ఒక్క పిల్లనూ వదలొద్దు. చెప్పి, వాళ్లు వద్దంటే మరో గట్టు వెతుకు.

ఆదివారం ఒకసారి రా. శాఖ వాళ్లిచ్చిన కాగితం నకలూ, గుడ్లు దొరికిన చోటు ఫోటోలూ పట్టుకురా. ఆ చుట్టుపక్కల రైతుల్లో నాకు తెలిసినవాళ్లున్నారు, ఇద్దరం కలిసి వెళ్లి మాట్లాడదాం. పిల్లల్ని మాత్రం నాకు చూపించడానికి డబ్బాలో పెట్టి తీసుకురాకు, ఉన్నచోటే ఉండనీ.

ఇట్లు,
మావయ్య