వైరల్ లోడ్ కనిపించనప్పుడు సీడీ4 ఎన్నాళ్లకోసారి చేయించుకోవాలి?

తమ్ముడూ, నాలుగేళ్లుగా హెచ్‌ఐవీ మందులు వాడుతున్నానని, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష) టీఎన్‌డీ, అంటే వైరస్ కనిపించలేదని వస్తోందని, సీడీ4 (ఒంట్లో రోగంతో పోరాడే కణాల లెక్క) మాత్రం 740 నుంచి 610కి దిగిందని రాశావు. మందు పనిచేయట్లేదేమోనన్న భయంతో ప్రైవేటు ల్యాబులో మూడు నెలలకోసారి చేయించుకుంటున్నావట. అంత అవసరం లేదు. ఆ డబ్బులు గుడ్లకూ పాలకూ పెట్టుకో.

నేను గుంటూరు జిల్లాలో 2009 నుంచి ఏఆర్‌టీ మందుల (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు) మీదే ఉన్నాను. అప్పట్లో వైరల్ లోడ్ అందరికీ చేసేవాళ్లు కాదు. మందు పట్టిందో లేదో సీడీ4 చూసే చెప్పాలి. అందుకే ఆరు నెలలకోసారి రక్తమిచ్చి, పుస్తకంలో ఆ అంకె రాసేదాకా నాకు గుండె దడే. 2018లో ప్రభుత్వం వైరల్ లోడ్‌ను అందరికీ ఉచితం చేశాక పద్ధతి మారింది. మందు మొదలెట్టిన ఆరో నెలలో ఒకసారి, పన్నెండో నెలలో ఒకసారి, ఆ తర్వాత ఏటా చేస్తారు. మందు పట్టు తప్పితే ముందు పెరిగేది వైరసే, సీడీ4 తగ్గడం ఆ తర్వాతే. సీడీ4 350 దాటి, అప్పుడే చేసిన వైరల్ లోడ్ 1000 లోపు ఉంటే ఇక సీడీ4 మామూలుగా చేయక్కర్లేదని కేంద్ర ప్రభుత్వ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో (NACO) చెబుతోంది. అమెరికా మార్గదర్శకాల్లోనూ అంతే, రెండేళ్లు వైరస్ అదుపులో ఉండి సీడీ4 500 దాటినవాళ్లకు ఆ పరీక్ష తప్పనిసరి కాదు.

ఈ అంకె కదులుతూనే ఉంటుంది. జ్వరమొస్తే దిగుతుంది, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది, ల్యాబు మారినా తేడా వస్తుంది. నాకోసారి 680 నుంచి 490కి వచ్చింది. డాక్టరమ్మ ముందు అడిగిన మాట, "ఈమధ్య జ్వరమేమైనా వచ్చిందా?" వచ్చింది. ఆవిడ రిపోర్టులో సీడీ4 శాతం (లింఫోసైట్లనే తెల్ల కణాల్లో సీడీ4 వాటా) మీద వేలు పెట్టి చూపించారు. అది పాత రిపోర్టులో ఉన్నట్టే ఉంది. వైరల్ లోడ్ ఎప్పటిలాగే కనిపించలేదు. మందు మార్చలేదు.

కొన్నిసార్లు మాత్రం సీడీ4 మళ్లీ చూడాల్సిందే. మందులు కొన్ని వారాలు మానేసినా, వైరల్ లోడ్ 1000 దాటినా, టీబీ లాంటి జబ్బు బయటపడినా, క్యాన్సర్ మందులు మొదలెట్టినా డాక్టర్‌ని అడుగు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట చెమటలు, వీటిలో ఏది కనిపించినా ఏఆర్‌టీ సెంటర్ ఇచ్చిన తేదీ కోసం ఆగకు, అప్పుడే వెళ్లు.

ఈసారి మందులకు వెళ్లినప్పుడు చివరి వైరల్ లోడ్ ఏ నెలలో తీశారో పుస్తకం తెరిచి చూపించమను. ఏడాది దాటితే ఆ రోజే రక్తమిచ్చి రా.