‘రాకముందు’లో ‘నాట్’ ఎందుకు ఉండదు?

ప్రశ్న: ‘రైలు రాకముందే టికెట్ కొన్నాను’ అనడానికి ‘బిఫోర్ ద ట్రెయిన్ డిడ్ నాట్ కమ్’ అని రాస్తే తప్పన్నారు. ఎందుకండీ?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మన ‘రాక’లో లేదనే అర్థం ఉంది. ఇంగ్లిష్‌లో ఆ పని ‘బిఫోరే’ చేసేస్తుంది, మళ్లీ ‘నాట్’ అక్కర్లేదు. ‘ఐ బాట్ ద టికెట్ బిఫోర్ ద ట్రెయిన్ కేమ్’ చాలు. ‘హ్యాడ్ బాట్’ అన్నా ఒప్పే, కానీ తప్పనిసరి కాదు.

అసలు చిక్కు ‘వెన్’తోనే. ‘వెన్ ఐ రీచ్డ్ విజయవాడ, ద ట్రెయిన్ లెఫ్ట్’ అంటే మీరు చేరగానే రైలు కదిలింది. ‘హ్యాడ్ లెఫ్ట్’ అంటే అప్పటికే వెళ్లిపోయింది. ఇక్కడ ‘హ్యాడ్’ మానేస్తే అర్థమే మారిపోతుంది. ఇక జరగబోయేదానికి ‘ఆఫ్టర్ ఐ విల్ రీచ్’ అనకండి, ‘ఆఫ్టర్ ఐ రీచ్’ అనాలి.