బ్రాండు మార్చినా దోమలు చావట్లేదంటే

అన్నా, కడపలో మీ ఇంట్లో ఎన్ని బ్రాండ్ల లిక్విడ్లు మార్చినా పగలు కుట్టే చారల దోమలు చావట్లేదన్నారు కదా. లేబుల్ చూడండి. ట్రాన్స్‌ఫ్లూత్రిన్ అయినా ప్రాలెత్రిన్ అయినా పైరెత్రాయిడ్ అనే ఒకే కీటకనాశినుల కుటుంబమే. ఈ మందు దోమ నరాల్లోని సోడియం చానల్‌ను, అంటే నరం సంకేతాలు పంపడానికి తెరుచుకుని మూసుకునే ప్రోటీన్ ద్వారాన్ని, పట్టుకుని చంపుతుంది. ఆ చానల్లో 1534వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం (ప్రోటీన్‌లోని ఒక ఇటుక లాంటిది) మారితే చాలు, మందు పట్టు సడలుతుంది. మన దేశపు ఏడిస్ దోమల్లోనూ (మీరన్న చారల దోమలు ఇవే) ఈ మార్పు కనబడింది, బతికినవాటి పిల్లలకూ అదే అబ్బుతుంది. అందుకే డోసు మాత్రం పెంచొద్దు, ఇంట్లో పసిబిడ్డ ఉందన్నారు.

కొళాయి రాని రోజులకని నింపిపెట్టే డ్రమ్ములు చూడండి. నీటిమట్టానికి కాస్త పైన, గోడకు నల్లటి నలకల్లా అంటుకున్నవి ఈ దోమల గుడ్లు. ఎండినా నెలల తరబడి బతుకుతాయి, నీళ్లు పారబోస్తే పోవు. వారానికోసారి పీచుతో గట్టిగా రుద్ది కడగండి. మూత సరిగా పడకపోతే పైన గుడ్డ కట్టండి. కూలర్ అడుగు కూడా అంతే.